ఆదరణ ఆలస్యమైనప్పుడు

 ఈ వేళ మీతో ఒక మిషనరీ చరిత్ర పంచుకోవాలని ఆశపడుతున్నాను. దానికి ముందు నేను చేసిన ఒక తప్పు మీ యెదుట ఒప్పుకోవాలి. ఆ తప్పు లేకపోతే ఈ చరిత్రను నేను ఇంత శ్రద్ధగా చదివేవాణ్ణి కాదు.

నేను సేవలోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో ఒక పల్లె సంఘంలో పందొమ్మిదేళ్ల కుర్రవాడు పొలంలో మోటారు వైరు తగిలి చనిపోయాడు. ఆ తల్లికి వాడొక్కడే కొడుకు. సమాధి కార్యక్రమంలో ఆమె పెట్టె మీద పడి ఏడుస్తూ ఉంది. నేను బైబిలు పట్టుకొని నిలబడి, "ఏడవకూడదమ్మా, మనం నిరీక్షణ లేనివాళ్లం కాదు, అన్యులు చూస్తున్నారు, సాక్ష్యం పోతుంది" అన్నాను. ఆమె వెంటనే ఏడుపు ఆపేసింది. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత విశ్వాసమో అని మెచ్చుకున్నారు. నేను కూడా నా ప్రసంగం పనిచేసిందనుకున్నాను. తరువాత మూడు నాలుగు నెలలు ఆమె గుడికి వస్తూనే ఉంది, చివరి వరుసలో గోడకు ఆనుకొని కూర్చొని పాట పాడకుండా వెళ్లిపోయేది. నేను పలకరిస్తే "బాగానే ఉన్నానయ్యగారూ" అనేది. ఆ మాట నిజం కాదని నాకు తెలుసు. నిజం చెప్పే వీలు లేకుండా చేసింది నేనేనని మాత్రం అప్పుడు తెలియలేదు.

ఆ రోజు నేను ఎత్తిన వాక్యం మొదటి థెస్సలొనీకయులకు నాలుగవ అధ్యాయం పదమూడవ వచనం. మీరు బైబిలు తెరచి ఆ వచనాన్ని నిదానంగా చదవండి. నిరీక్షణ లేని ఇతరులు దుఃఖించే విధంగా మీరు దుఃఖించకూడదని పౌలు భావం. అసలు దుఃఖించవద్దని ఆయన ఎక్కడా చెప్పలేదు. నిరీక్షణ గలవారికి కూడా ఒక దుఃఖం ఉంటుంది, దాని తీరు వేరు, అంతే. లాజరును మరి కాసేపటిలో లేపబోతున్నానని తెలిసి కూడా మన ప్రభువు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు గదా! ఆయన సాక్ష్యం ఏమైనా పోయిందా? సెమినరీలో గ్రీకు చదివినవాణ్ణి, ఇంత చిన్న సంగతి నా కంట పడలేదు.

ఇక చరిత్రలోకి వద్దాం. అదోనీరామ్ జడ్సన్ గారి పేరు మీలో చాలామంది వినియుంటారు. బర్మాకు సువార్త తీసుకొని వెళ్లిన అమెరికా మిషనరీ. ఆయనకూ మన తెలుగు సంఘాలకూ ఒక సంబంధం ఉంది. 1812 ఫిబ్రవరిలో ఆయన, ఆయన భార్య ఆన్ గారు పెళ్లయిన రెండు వారాలకే ఓడ ఎక్కారు. ప్రయాణంలో బాప్తిస్మమును గూర్చి లేఖనాలు పరిశోధించి, కలకత్తా చేరిన తరువాత ముంచుడు బాప్తిస్మం తీసుకొని, తమను పంపిన సంస్థకు రాజీనామా ఇచ్చారు. చేతిలో డబ్బు లేదు, వెనుక సంస్థ లేదు. ఈ కబురు అమెరికా చేరాక అక్కడి బాప్టిస్టులు 1814లో ఫిలడెల్ఫియాలో కూడుకొని ఒక మిషనరీ సంస్థను స్థాపించుకున్నారు. ఆ సంస్థ పంపిన శామ్యూల్ డే గారే 1836లో తెలుగువారి యొద్దకు వచ్చారు. ఆయన 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. 1878లో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన ఒంగోలు ఉజ్జీవమూ, క్లౌ దొరగారి సేవా అన్నీ ఆ కొమ్మకు కాసినవే. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్టిస్టు విశ్వాసులు జడ్సన్ గారి కథను తమ తాతగారి కథలా వినవచ్చు. ఇంకొక మాట. జడ్సన్ దంపతులు 1813 జూన్‌లో మన మద్రాసులోనే దిగారు. అక్కడ ఉండనివ్వరని భయపడి, రేవులో బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న రంగూను ఓడ ఎక్కారు. ఆ సముద్రం మీదనే వారి మొదటి బిడ్డ చనిపోయి పుట్టింది.

రెండవ బిడ్డ రోజర్ 1815లో రంగూనులో పుట్టి ఎనిమిది నెలలకే కన్నుమూశాడు. మొదటి బర్మా విశ్వాసి బాప్తిస్మం పొందడానికి 1819 వరకు ఆగవలసి వచ్చింది. సెమినరీలో మేము దీన్నంతా ఓర్పుకు దృష్టాంతంగా చదువుకున్నాం. "బర్మా అపొస్తలుడు" అనే శీర్షిక క్రింద పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. ఆరేళ్ల కష్టం, చెరసాల, బైబిలు అనువాదం, విజయం అని రాస్తే మార్కులు పడేవి. మధ్యలో ఉన్న నాలుగేళ్ల చీకటి గురించి ఎవ్వరూ అడగలేదు, నేనూ చదవలేదు.

ఆ చీకటికి ముందు జరిగింది చెబుతాను. 1824లో ఆంగ్లేయులకూ బర్మా రాజుకూ యుద్ధం మొదలైంది. (ఆ యుద్ధానికి మద్రాసు సైన్యం నుండి సిపాయిలు పెద్ద ఎత్తున వెళ్లారు, వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.) తెల్లవాళ్లంతా వేగులవాళ్లే అన్న అనుమానంతో ఆ సంవత్సరం జూన్ 8న ఆవా పట్టణంలో జడ్సన్ గారిని పట్టుకొని మరణశిక్ష ఖైదీలుండే చెరసాలలో వేశారు. మూడు జతల సంకెళ్లు. రాత్రివేళ ఖైదీల కాళ్ల మధ్య నుండి వెదురుగెడ పోనిచ్చి పైకి లేపేవారు, భుజాలు మాత్రమే నేలకు ఆనేవి. ఆన్ గారు అధికారుల గుమ్మాల చుట్టూ తిరుగుతూ, కావలివాళ్లకు లంచాలిస్తూ, అన్నం మోసుకొని వెళ్లేవారు. భర్త చేసిన క్రొత్త నిబంధన అనువాదపు వ్రాతప్రతిని ఒక గట్టి దిండులో పెట్టి కుట్టి, దొంగిలించబుద్ధి కానంత మురికిగా ఉంచారు. అది అలా నిలిచింది.

1825 జనవరిలో ఆమెకు మరియ పుట్టింది. కొన్నాళ్లకు ఖైదీలను ఆంగ్‌బిన్లే అనే ఊరికి తరలిస్తే, చంటిబిడ్డతో ఆమె అక్కడికీ వెళ్లారు. అక్కడ ఆమెకు జబ్బు చేసి పాలు ఎండిపోయాయి. అప్పుడు జైలు అధికారికి కానుకలు ఇచ్చి, సంకెళ్లతోనే జడ్సన్ గారు బయటకు వచ్చి, బిడ్డను చేతుల మీద పెట్టుకొని ఆ పల్లెలో ఇల్లిల్లూ తిరిగి, పాలిచ్చే తల్లులను "ఈ పసిదానికి కాస్త పాలివ్వండమ్మా" అని అడుక్కున్నారు. ఆ పాలతో మరియ బ్రతికింది. పాలిచ్చిన ఆ బౌద్ధ తల్లుల పేర్లు మనకెవ్వరికీ తెలియవు, దేవునికి తెలుసు.

దాదాపు 17 నెలల తరువాత ఆయనకు సంకెళ్లు వీడాయి. 1826లో సంధి జరిగింది. కుటుంబం ఆమ్‌హర్స్టు అనే కొత్త పట్టణానికి చేరింది. ఇక కష్టాలు తీరాయనుకున్నారు. అప్పుడు ఆంగ్ల రాయబారి క్రాఫర్డ్ గారు దుబాసీగా రమ్మని పిలిచారు. మతస్వేచ్ఛకు ఒప్పందంలో ఒక షరతు పెట్టించవచ్చునన్న ఆశతో జడ్సన్ గారు భార్యనూ బిడ్డనూ ఆమ్‌హర్స్టులో విడిచి మళ్లీ ఆవాకు వెళ్లారు. ఆ షరతు పెట్టలేదు. ఆ ప్రయాణం వ్యర్థమైంది.

నవంబరులో ఒకరు ఆయన చేతికి నల్లముద్ర వేసిన ఉత్తరం ఇస్తూ, మీ బిడ్డ చనిపోయినందుకు విచారిస్తున్నానన్నారు. బిడ్డకు జబ్బుగా ఉందని ఆయనకు ముందే తెలుసు. తల్లినైనా దేవుడు మిగిల్చాడు గదా అనుకుంటూ గదిలోకి వెళ్లి ముద్ర విప్పారు. చనిపోయింది బిడ్డ కాదు. అక్టోబరు 24న జ్వరంతో ఆన్ గారు ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆమెకు 36 ఏళ్లు.

1827 జనవరిలో ఆయన ఆమ్‌హర్స్టుకు తిరిగి వచ్చినప్పుడు రెండేళ్ల మరియ తండ్రిని గుర్తుపట్టలేదు. భయపడి మొఖం తిప్పుకుంది. ఆయన ఆమెను వదలి, హోపియా చెట్టు క్రింద ఉన్న సమాధి దగ్గరికి వెళ్లారు. ఏప్రిల్ 24న, తల్లి పోయిన సరిగ్గా ఆరు నెలలకు, మరియ కూడా చనిపోయింది. ఇల్లిల్లూ తిరిగి పాలు అడిగి బ్రతికించుకున్న బిడ్డ! తల్లి ప్రక్కనే పాతిపెట్టారు. జూలైలో అమెరికా నుండి తండ్రి మరణవార్త వచ్చింది.

ప్రియులారా, ఇక్కడితో ఆపి, "అయినను ఆయన దేవుని స్తుతించెను" అని చెప్పేస్తే వినడానికి బాగుంటుంది. నేనూ చాలా సార్లు అలాగే చెప్పాను. కానీ జరిగింది అది కాదు.

మొదట్లో జడ్సన్ గారు నిబ్బరంగానే కనిపించారు. మౌల్మెయిన్‌కు మారి పని చేశారు, అనువాదం సాగింది. లోపల మాత్రం ఏదో కూలిపోతూ ఉంది. తన విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవ డాక్టరేటును వదులుకున్నారు. తనను పొగిడిన ఉత్తరాలను నాశనం చేశారు. తన సొంత సొమ్మును మిషనుకు ఇచ్చేశారు. పేరు కోసం సేవ చేశానేమో, నా గర్వమే దీనికంతటికీ మూలమేమో అని తన్ను తాను తవ్వుకోసాగారు. 1828 అక్టోబరు 24న, అంటే భార్య పోయిన తేదీనాడే, అడవి అంచున కట్టుకున్న గుడిసెలోకి ఒంటరిగా మారిపోయారు. ఆ రోజుల్లో ఒక గొయ్యి తవ్వుకొని, దాని ప్రక్కన రోజుల తరబడి కూర్చొని, తన శరీరం అందులో ఎలా కుళ్లుతుందో తలపోసేవారు. కొద్దిపాటి అన్నంతో అడవిలోకి వెళ్లి దినాలు గడిపేవారు. మరుసటి సంవత్సరం అదే తేదీకి ఆయన రాసిన ఉత్తరంలో, దేవుడున్నాడన్న నమ్మకం పోలేదు గాని ఆయన సన్నిధి మాత్రం ఎంత వెదకినా తనకు అందడం లేదని చెప్పుకున్నారు.

ఇది రాసింది ఎవరు? అవిశ్వాసి కాదు. క్రొత్త నిబంధనను బర్మా భాషలోకి తెచ్చిన భక్తుడు. మనం ఒక తల్లికి మూడోనాటి ప్రార్థనలో పదిహేను నిమిషాల్లో ఆదరణ ఇచ్చి భోజనానికి కూర్చుంటాం. ఈయనకు మూడేళ్లయినా అందలేదు. అటువంటి మాటలు దేవుని గ్రంథంలో కూడా ఉన్నాయి. 88వ కీర్తన తీసి చూడండి. కీర్తనలలో చాలా వాటికి చివర ఒక వెలుగు కనిపిస్తుంది, దీనికి లేదు, చీకటితోనే ముగుస్తుంది. దాన్ని సంకలనం చేసినవారు తీసివేయలేదు, పరిశుద్ధాత్ముడు అలాగే ఉంచాడు.

ఆ గుడిసె మనకు మాదిరి అని నేను చెప్పడం లేదు. ఆయన అప్పట్లో మర్మయోగుల పుస్తకాలు ఎక్కువగా చదివి, దేహాన్ని నలగగొట్టుకుంటే దేవునికి దగ్గరవుతాననుకున్నారు. కృపను బోధించిన మనిషి తనకు తాను కృప చూపించుకోలేకపోయాడు. మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి తిండి, నిద్ర లేక, బ్రతుకు మీద ఆశ లేక ఉంటే, ప్రార్థనతో పాటు డాక్టరుగారి దగ్గరికి తీసుకొని వెళ్లండి. కాలు విరిగితే కట్టు కట్టించుకోవడం అవిశ్వాసం కాదు గదా, ఇదీ అంతే.

మరి ఆయన ఎలా బయటపడ్డారు? ఫలానా రోజున ఫలానా దర్శనం కలిగిందని చెప్పగలిగితే ప్రసంగానికి బాగుండేది. అటువంటిదేమీ లేదు. తోటి మిషనరీలు ఆయనను విడిచిపెట్టలేదు, బర్మా విశ్వాసులు ఆయన కొరకు ప్రార్థించారు. 1829లో తమ్ముడు ఎల్నాథాన్ చనిపోయాడు. ఇదీ దుఃఖవార్తే. అయితే దానిలో ఒక చిత్రమైన ఓదార్పు దొరికింది. 1812లో ఇల్లు విడిచి వచ్చే దారిలో ఆ అన్నదమ్ములిద్దరూ గుర్రాలు దిగి, మంచులో మోకరించారు. ఆ రోజు తమ్ముని రక్షణ కొరకు అన్న చేసిన ప్రార్థనకు పదిహేడేళ్లు జవాబు తెలియలేదు. ఇప్పుడు తమ్ముడు క్రీస్తునందు నిరీక్షణతో చనిపోయాడని తెలిసింది. దేవుడు మౌనంగా ఉన్నాడంటే పని మానేసినట్టు కాదని ఆయనకు అర్థమై ఉంటుందని నా ఊహ.

నెమ్మదిగా మనుష్యుల మధ్యకు వచ్చారు. 1830లో ఐరావతి నది మీదుగా ప్రోమ్ పట్టణానికి వెళ్లి ప్రకటించారు. 1831లో రంగూను పెద్ద పగోడా ఉత్సవానికి వచ్చిన జనం, దేవుని గూర్చిన కాగితాలు ఇచ్చే మనిషి ఎక్కడ అని వెదుక్కుంటూ ఆయన ఇంటికి వచ్చారు. అడిగినవారికి మాత్రమే ఇచ్చినా దాదాపు 10,000 కరపత్రాలు ఖర్చయ్యాయి. 1834 జనవరి 31న పాత నిబంధన చివరి పేజీ పూర్తి చేసి, ఆ కాగితం చేతిలో పట్టుకొనే మోకరించారు. బర్మా క్రైస్తవులు నేటికీ ఆ బైబిలును చదువుతున్నారు.

కానీ నాకు వీటన్నిటికంటె పెద్దదిగా కనిపించేది 1831లో ఆయన రాసిన ఒక ఉత్తరం. అప్పుడు జార్జి బోర్డ్‌మన్ అనే తోటి మిషనరీ క్షయతో చనిపోయారు. చనిపోయే ముందు ఆయనను మంచం మీద మోసుకొని కరెన్ల కొండపల్లెలకు తీసుకొని వెళ్తే, 34 మంది బాప్తిస్మం పొందడం కళ్లారా చూసి, తిరుగు దారిలోనే కన్నుమూశారు. భార్య సారా గారు, ఒక చిన్న కొడుకు మిగిలారు. ఆమెకు జడ్సన్ గారు ఓదార్పు ఉత్తరం రాశారు.

దానిలో ఏముందో చూడండి. మీ భర్త మహిమలోకి వెళ్లాడు గనుక సంతోషించండి అని మొదలుపెట్టలేదు. మీరు త్రాగుతున్న ఆ చేదు గిన్నె అడుగు దాకా నాకు పరిచయమే అన్నారు. ఇప్పటివరకు మీరు అనుకున్నదానికంటె అది చేదుగా ఉంటుందనీ, గుండెను కోసే బాధ నెలల తరబడి మీ ముందుందనీ, వద్దన్నా అది తప్పదనీ ఉన్నదున్నట్టు చెప్పారు. దాన్ని ఒక చేత్తో త్రోసేయకుండా రెండు చేతులా అందుకోండి అన్నారు. ఆ తరువాతనే, అడుగున తీపి ఉందన్న రహస్యం మీకు తెలుస్తుందని రాశారు. చివరగా, ఆమెకు ఏదైనా అయితే ఆ పసివాణ్ణి తన కొడుకులా చూసుకుంటానని మాట ఇచ్చారు.

నేను ఆ ఉత్తరాన్ని మొదటిసారి చదివినప్పుడు సిగ్గుపడ్డాను. అడుగున తీపి ఉందని చెప్పే హక్కు ఆయనకు ఉంది, ఎందుకంటే అడుగుదాకా తాగారు. నాకు ఆ హక్కు లేదు, అయినా ఆ తల్లి నోటికి గిన్నె అందక మునుపే తీపి గురించి ప్రసంగించాను. యోబు స్నేహితులను మనం తిట్టుకుంటాం గాని, వాళ్లు ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నారు. నేను ఏడు నిమిషాలు కూడా కూర్చోలేదు. రెండవ కొరింథీయులకు మొదటి అధ్యాయంలో పౌలు, దేవుడు మనలను ఆదరించిన ఆదరణతోనే ఇతరులను ఆదరించగలుగుతాం అనే భావం చెప్పాడు. మనం పొందని దాన్ని పంచలేం.

సారా గారిని జడ్సన్ గారు 1834లో వివాహం చేసుకున్నారు. వారి పిల్లలలో కూడా కొందరిని పాతిపెట్టవలసి వచ్చింది. సారా గారు 1845లో అమెరికా ప్రయాణంలో సెయింట్ హెలీనా దీవి రేవులో చనిపోయారు. ఈసారి ఆయన గొయ్యి తవ్వుకోలేదు. 1850 ఏప్రిల్ 12న జడ్సన్ గారు ఓడ మీదనే మరణిస్తే దేహాన్ని సముద్రంలో విడిచారు. మౌల్మెయిన్‌లో ఆయన కొరకు కనిపెట్టుకొని ఉన్న మూడవ భార్య ఎమిలీ గారికి ఆ కబురు చేరడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది.

ఆ ఉత్తరం చదివిన వారంలోనే నేను ఆ పల్లెకు వెళ్లాను. బైబిలు సంచిలోనే ఉంచాను. ఆమె నులకమంచం వాల్చి, మంచినీళ్లు ఇచ్చి, ఎదురుగా అరుగు మీద కూర్చుంది. "అమ్మా, ఆ రోజు నిన్ను ఏడవద్దన్నాను. నాది తప్పు. నన్ను క్షమించు" అన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత గడప వైపు చూపించి, "వాడి చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయయ్యగారూ. తీసేయమని అందరూ అంటున్నారు. మీరూ తీసేయమంటారా?" అని అడిగింది.

"ఉండనీయమ్మా" అన్నాను.

అప్పుడు ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చీకటి పడేవరకు ఆమె తన కొడుకు గురించి చెబుతూనే ఉంది, వాడు ఏడేళ్లప్పుడు ఆదివారపు బడిలో యోనా కథ చెప్పి మధ్యలో చేప పేరేమిటని టీచరమ్మను అడిగిన సంగతి దగ్గర్నుంచి.